రిజిస్టర్‌కెక్కని ఆకులు

మర్రిపాడు మండలంలో మా పెద్దమ్మ వాళ్ల ఊరికి జీవవైవిధ్య రిజిస్టర్ రాయడానికి మనుషులొచ్చారు. అప్పటికే పెద్దమ్మ మేకల్ని తోలుకుని చిట్టడివిలోకి వెళ్లిపోయింది. అరుగుమీదున్న పెద్దనాన్నని అడిగి వేప, చింత, మర్రి, కానుగ అని రాసుకుని పోయారు. సాయంత్రం ఒడినిండా బలుసాకు, కలివిపండ్లతో వచ్చిన పెద్దమ్మకి ఈ సంగతి చెబితే "నన్నెవురన్నా అడిగితే గదమ్మా చెప్పేదానికి" అంది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం నాకు.

2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థా ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేసుకోవాలంది. స్థానికుల్ని సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయడమే ఆ కమిటీ ముఖ్యమైన పని. 2004లో వచ్చిన నిబంధనల్లో అధ్యక్షులు కాక ఆరుగురికి మించని సభ్యులు, వారిలో మూడోవంతుకి తగ్గకుండా స్త్రీలు ఉండాలని ఉండేది. అంటే ఇద్దరు! కట్టెలకీ, ఆకుకీ, మేతకీ రోజూ అడివికి పోయేదెవరో ఆ లెక్క వేసినవాళ్లు ఎప్పుడైనా చూశారా?

ఆ కమిటీలైనా చాలాకాలం కాగితంమీదే ఉన్నాయి. 2016లో దేశం మొత్తం మీద పదివేలు కూడా లేవు. 2020 జనవరి 31లోగా అన్నిచోట్లా కమిటీలు, రిజిస్టర్లు పూర్తి చేయాలని, లేకపోతే రాష్ట్రాలు నెలకి 10 లక్షలు కట్టాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. అంతే, కమిటీలు రెండు లక్షలు దాటిపోయాయి. జరిమానా భయంతో రాసే రిజిస్టర్‌కి మేకలు తిరిగొచ్చేదాకా ఆగే తీరికెక్కడిది?

ఇది ఒక రిజిస్టర్ గొడవ మాత్రమే కాదు. ఆ పుస్తకంలో లేనిదాన్ని రేపు ఎవరు కాపాడతారు? రెవెన్యూ రికార్డుల్లో మా పొదల నేల పేరు బంజరు. కలివికోడి బతికేది అలాంటి ముళ్లపొదల్లోనే. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో పక్కనున్న కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది అడివి తెలిసిన స్థానికుడే. ఉదయగిరిలో ఆడవాళ్లు చెక్కే గరిటెలకీ, చెంచాలకీ నర్ది కర్ర ఈ కొండలే ఇవ్వాలి. బంజరంటే ఎవరికి బంజరు? "పచ్చదనం" పేరుతో ఆ పొదలు కొట్టేసి జామాయిల్ నాటితే పెద్దమ్మ కూరాకు పోతుంది, మేకల మేత పోతుంది. పథకం నివేదికలో మాత్రం చెట్లు పెరిగినట్టే ఉంటుంది.

చెప్పకపోవడమే మేలంటారు కొందరు స్నేహితులు. చెబితే కంపెనీలు ఎత్తుకుపోతాయట. ఆ భయం నిజమే. 2023 సవరణ ఆయుష్ వైద్యులకీ, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానానికీ లాభాల పంపకం నుంచి మినహాయింపులిచ్చింది, జైలుశిక్షలు తీసేసి జరిమానాలతో సరిపెట్టింది. కానీ ఏది చెప్పాలో ఏది దాచుకోవాలో పెద్దమ్మ బదులు మనమెవరం తేల్చడానికి? సెమినార్లలో ఎకోఫెమినిజం గురించి పత్రాలు చదివే మనం కూడా ఆమెలాంటివాళ్లని "సమాచారం ఇచ్చిన స్త్రీ" అని ఒక్క ముక్కలో ముగించలేదా? నేనూ రాశాను అలా.

జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఎవరో వచ్చి అడుగుతారని కూర్చోలేదు. విత్తనాలు తమ ఇళ్లలోనే దాచుకున్నారు. పాత పంటల జాతరలో బండ్లెక్కించి ఊరూరా తిప్పారు. ఏ గింజ ఎందుకు నిలబడాలో వాళ్లే చెప్పారు. మా మెట్ట ప్రాంతానికి అలాంటి సంఘం కావాలి. అది వచ్చేదాకా పంచాయతీలని అడగాల్సినవి ఉన్నాయి. మేకలు కాసే ఆడవాళ్లు, కర్ర చెక్కే ఆడవాళ్లు, మంత్రసానులు కమిటీలో సగానికి తగ్గకుండా ఉండాలి. రాసింది వాళ్లకి చదివి వినిపించాలి. వద్దన్న మాట కొట్టేయాలి. చెప్పినవాళ్ల పేరు, వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల పేరుగానే పడాలి, ఫలానావారి భార్య అని కాదు.

గ్రామసభ పొద్దున పదిన్నరకి పెడుతున్నారు. పెద్దమ్మ మేకలు ఇల్లు చేరేది సాయంత్రం ఆరుకి. ముందు ఆ వేళ మార్చమనండి.