కాగితం లేని రోగం

2021 మార్చి 1 నుంచి అరవై దాటినోళ్లకు కరోనా టీకా మొదలుపెట్టింది సర్కారు. నలభై అయిదుకూ యాభై తొమ్మిదికీ నడుమ ఉన్నోళ్లకు మాత్రం ఇరవై రోగాల జాబితా ఒకటి ముందల పెట్టింది. అందులో ఏదన్నా ఒకటి ఉంటేనే టీకా. గుండెజబ్బు, కిడ్నీల జబ్బు, ఏండ్ల తరబడి షుగరు, వాటితోపాటు లివరు గట్టిపడి ముదిరిన జబ్బు కూడా ఆ జాబితాలో ఉన్నది. ఇది కాదనేది లేదు. కాని షరతు ఏంది? రిజిస్టరైన డాక్టరు సంతకం పెట్టిన కాగితం తేవాలె.

మన వాడల్లో కాళ్లు వాచి, కండ్లు పచ్చబడి, కడుపు కుండోలె ఉబ్బి, చేతులు పుల్లలైన మనిషి లేని ఊరు ఒకటి చూపించుండ్రి. వాళ్లలో ఎందరి దగ్గర కాగితం ఉన్నది? స్కానింగు తీసినోడు లేడు, రక్తం చూసినోడు లేడు. ఊరు ఆ రోగానికి పెట్టిన పేరు ఒక్కటే: తాగుబోతు. ఆ పేరు రాసుకుపోతే టీకా ఎవ్వలేస్తరు?

మంథనికి దగ్గరి ఊళ్లో ఒకాయనను మేము ఎరుగుదుము. పంచాయతీల మోరీలు తీసేటోడు, చావుకు డప్పు కొట్టేటోడు, బొంద తవ్వేటోడు. 2021 మే నెలల ఊళ్లల్ల శవాలను కన్న కొడుకులే ముట్టని రోజులల్ల ఈయనను పిలిచిండ్రు. చేతులకు తొడుగులు అడిగితే క్వార్టరు సీసా చేతుల పెట్టిండ్రు. అంతకు ఏడాది ముందు నుంచే ఆయన కాళ్లు వాస్తున్నయి. నాలుగు శవాలు సాగనంపినంక జ్వరం పట్టింది. ఊరి వైద్యుడు రోజూ సెలైనూ సూదీ పెట్టిండు. ఆరో నాడు కడుపు ఉబ్బింది, ఏడో నాడు మాట తడబడ్డది, మనుషుల గుర్తు తప్పిండు. దవాఖానకు తీసుకపోతే, పాత రోగం ఏమన్నా ఉన్నదా అని అడిగిండ్రు. తాగుతడు సారూ అన్నది భార్య. ఇంక ముంగటికి అడిగినోడు లేడు. తొమ్మిదో నాడు పాణం పోయింది.

కరోనా ఆయనను చంపిందా, కార్జం చంపిందా, క్వార్టరు చంపిందా? మూడూ కూడి చంపినయి. ఎట్ల కూడినయో తెలుసుకోవాలె. తెలిస్తే ఇంకొకరిని కాపాడుకుంటం.

మనం కూరలకు కొనుక్కునే కార్జమే మనిషి కడుపుల కుడిపక్క పక్కటెముకల కింద ఉంటది. తిన్నదాన్ని బలంగా మార్చేది అదే, విషాన్ని విరిచేది అదే. నెత్తురు గడ్డకట్టే పదార్థాలూ, నీళ్లను నరాలల్ల నిలిపే మాంసకృత్తులూ తయారుచేసేది అదే. పేగుల నుంచి వచ్చే సూక్ష్మజీవులను పట్టే జల్లెడ కూడా అదే. ఏండ్ల తరబడి దెబ్బలు తిన్న కార్జం మచ్చలు కట్టి గట్టిపడుతది. డాక్టర్లు దాన్ని సిరోసిస్ అంటరు. అట్ల గట్టిపడ్డోని ఒంట్లో రోగంతో కొట్లాడే బలగం ముందే సగం పడిపోయి ఉంటది. అటువంటి మనిషి ఊపిరితిత్తులల్ల కరోనా జొరబడితే అటు ఊపిరి అందదు, ఇటు మిగిలిన కార్జం కూడా చేతులెత్తేస్తది. కడుపుల నీళ్లు, నెత్తురు కక్కుడు, తెలివి తప్పుడు ఒకదాని ఎనుక ఒకటి వస్తయి.

ఇది మేము ఊహించి రాస్తున్నది కాదు. 2020 మార్చి నుంచి జూలై దాకా 29 దేశాల డాక్టర్లు, కరోనా సోకిన 745 మంది లివరు రోగుల వివరాలు ఒక్కచోట కూర్చిండ్రు. అందులో 386 మందికి కార్జం గట్టిపడి ఉన్నది. వాళ్లల్ల నూటికి 32 మంది చచ్చిపోయిండ్రు. లివరు జబ్బు ఉండి కూడా గట్టిపడే దాకా పోనోళ్లల్ల చావులు నూటికి 8. గట్టిపడ్డోళ్లల్ల కూడా తొలి దశ వాళ్లు నూటికి 19 మంది, నడిమి దశ వాళ్లు 35 మంది పోతే, ముదిరినోళ్లు 51 మంది పోయిండ్రు. అంటే సగం. ఎక్కువ మందిని చంపింది ఊపిరితిత్తుల దెబ్బే. తాగుడుతో కార్జం చెడ్డోళ్లకు ముప్పు ఇంకా ఎక్కువని కూడా తేలింది. ఇవి ఎక్కువగా దవాఖాన మెట్లెక్కినోళ్ల లెక్కలు, అందరికీ అచ్చంగా ఇదే లెక్క వర్తిస్తదని భయపడేది లేదు. కరోనాతోని లివరు పరీక్షల అంకెలు కొంచెం పెరిగి తర్వాత దిగిపోయినోళ్లే ఎక్కువ. కాని తొలి దశకూ చివరి దశకూ నడుమ తేడా చూడుండ్రి. తొలి దశలనే రోగం పట్టుకునేది ఎవరు? పైసలున్నోడు, కాగితం ఉన్నోడు. మనోడు కడుపు ఉబ్బినంకనే గడప దాటుతడు.

మందుల సంగతి కూడా చెప్పాలె. జ్వరం గోళీ అందరికీ ఒక్కతీరు కాదు. కార్జం గట్టిపడ్డోళ్లు పారాసిటమాల్ రోజుకు రెండు గ్రాములు దాటొద్దని డాక్టర్లు చెప్తరు. 650 గోళీలైతే మూడు, అంతే. ఒళ్లునొప్పులకు ఊళ్లల్ల ఇచ్చే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి వాళ్ల కిడ్నీలను పాడు చేస్తయి. ఆక్సిజన్ అవసరం పడ్డ కరోనా రోగికి స్టెరాయిడ్ పనిచేస్తదని 2020 జూన్‌లనే రుజువైంది, నిజమే. కాని మొదటి నాటి జ్వరానికే ఆ సూది ఎక్కించుడు వేరే సంగతి. ఒంట్లో హెపటైటిస్ బి నిద్రపోయి ఉంటే స్టెరాయిడ్ దాన్ని లేపుతది. ఇక తిప్పతీగ కషాయం. ఆ రెండేండ్లు ఇంటింటా కాగబెట్టుకొని తాగినం. తిప్పతీగ తాగి లివరు దెబ్బతిన్న మనుషులను చూసినమని బొంబాయి డాక్టర్లు 2021లో రాసిండ్రు, ఆయుష్ శాఖ కాదన్నది. లివరు జబ్బు ఉన్నోడు ఆ కొట్లాట తేలేదాకా కషాయం తాగకపోతే వచ్చే నష్టం ఏమీ లేదు. మందు కలిపిన కల్లు మాత్రం కొట్లాటే అక్కరలేని విషం. అందులో కలిపే అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు చెడ్డ లివరున్న మనిషిని సోయి తప్పించి పడేస్తయి.

ఇప్పుడు తాగుడు దగ్గరికి వద్దాం. మన దగ్గరోళ్లకే కోపం వచ్చేది ఇక్కడ.

2020 మార్చిలో దుకాణాలు మూతపడ్డయి. అలవాటు పడ్డోళ్లకు చేతులు వణికినయి, ఫిట్స్ వచ్చినయి, ఎర్రగడ్డ దవాఖాన ముందర వరుసలు కట్టిండ్రు. సారా తాగితే కరోనా రాదని పుకారు పుట్టింది. ఆ ఏడాది జూలై ఆఖరుకు ప్రకాశం జిల్లా కురిచేడుల సీసాలు దొరకక శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయిండ్రు, వాళ్లల్ల ఎక్కువ మంది రెక్కాడితే గాని డొక్కాడనోళ్లు, అడుక్కుతినేటోళ్లు. మన సర్కారేమో 2020 మే 6ననే, పనులు ఇంకా తెరవకముందే, ధరలు పెంచి మరీ మద్యం దుకాణాలు తెరిచింది. 2021లో వైన్ షాపుల్లో ఎస్సీలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. రాష్ట్రం మొత్తం 2,620 దుకాణాల్లో 262 మనకు! పెద్ద కంపెనీ కొలువుల్ల రిజర్వేషన్ అడిగితే అర్హత అంటరు, సీసా అమ్మేకాడ మాత్రం మన అర్హత ఎవ్వలూ అడగలే. 2023లో దరఖాస్తు ఫీజుల పేరుతోనే 2,600 కోట్లు దాటి వసూలైంది. అందుల పదో వంతన్నా పెట్టి మండలానికొక లివరు పరీక్ష పెట్టరాదా?

సఫాయన్నా సలామన్నా అని 2020 ఏప్రిల్‌ల అయిదు వేలు చేతుల పెట్టిండ్రు. సలామూ అయిదు వేలూ మంచివే, కాని శవం మోసినప్పుడు కూలికి బదులు సీసా ఇచ్చే తరతరాల ఆనవాయితీని ఆ సలాం ముట్టుకోలే. వెట్టి పోయిందంటరు. బొందకాడ సీసా ఇచ్చుడు వెట్టి కాదా? సంఘం మీటింగు అయినంక మన కార్యకర్తలు కూడా అదే సీసా చుట్టూ కూసుంటరు, అది రాయకపోతే ఈ సంపాదకీయం అబద్ధం అయితది. ఒక్కటి మాత్రం యాదుంచుకోండ్రి: రోజూ గట్టిగ తాగేటోడు ఒక్కసారే బంద్ చేస్తే ఫిట్స్ వచ్చి పాణం మీదికి రావచ్చు. మానిపించేది డాక్టరు చూపుల మానిపించాలె.

అయితే కడుపు ఉబ్బిన ప్రతి మనిషీ తాగుబోతు కాదు. ఈ ముచ్చట మన ఆడోళ్లకు ముందే తెల్సు, చుక్క ముట్టనోళ్లకు కూడా పసిరికలు వచ్చి కాళ్లు వాచినయి. హెపటైటిస్ బి, సి వైరసులు ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే వస్తయి, చూడకుండా ఎక్కించిన నెత్తురుతో వస్తయి, బి అయితే తల్లి నుంచి బిడ్డకు కానుపుల వస్తది, ఆలుమగల నడుమ కూడా అంటుకుంటది. 2022 నాటికి మన దేశంల 2 కోట్ల 98 లక్షల మందికి బి, 55 లక్షల మందికి సి ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కామెర్లకు వాతలు పెట్టిచ్చుకుంటే, చెట్టుమందు మింగితే ఈ వైరసు పోదు. హెపటైటిస్ బికి టీకా ఉన్నది. హైదరాబాదుల తయారైన టీకా 1997లనే బజారుకు వచ్చింది. పిల్లలకు దేశమంతటా సర్కారు టీకాల్ల చేరేసరికి 2011 అయింది. అంటే ఇయ్యాల మోరీలు తీస్తున్న, దవాఖాన చెత్తల సూదులు ఏరుతున్న పెద్దోళ్లకు చాలామందికి అది పడలేదు. పంచాయతీ తీర్మానం పెట్టి సఫాయి కార్మికులందరికీ ఈ టీకా అడగండ్రి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి పరీక్షలూ మందులూ సర్కారు దవాఖానల ఉచితం. హెపటైటిస్ సి అయితే మందులతోని పూర్తిగా నయమైతది. పుట్టిన బిడ్డకు 24 గంటల లోపల్నే బి టీకా పడాలె, కానుపు అయిన రోజే ఆశా కార్యకర్తను అడిగి కార్డు మీద రాయించుకోండ్రి.

ఆ బొంద తవ్వినాయన భార్య సంగతి చెప్పి ముగిస్తం. కరోనా చావుకు యాభై వేలు ఇస్తరంటే దరఖాస్తు పెట్టింది. పరీక్షల పాజిటివ్ వచ్చిన కాగితం ఏది అన్నరు. ఆయనకు పరీక్షే చేయలేదు, పైసలు రాలేదు. మొన్న మేమే ఆమెను, కొడుకును వెంట తీసుకపోయి రక్తం ఇప్పిచ్చినం. ఆమెకు హెపటైటిస్ బి ఉన్నదని తేలింది. ఆయనకు కూడా ఉండెనో లేదో ఇక ఎవ్వలూ చెప్పలేరు. ఆమె కాగితం ఇప్పుడు ప్లాస్టిక్ సంచిల, రేషను కార్డు పక్కన ఉన్నది. కొడుకుకు లేదు. వానికి మొదటి సూది అదే రోజు వేసిండ్రు. నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.