చిన్న పలక నేర్పు పెద్ద పాఠము

విద్యార్థులారా! రేడియోను విప్పిచూచినచో లోపల నొక పలకయు, దానిపై సన్నని రాగిరేఖలును కానవచ్చును. దీనినే సర్క్యూటు బోర్డు అందురు. పూర్వము విడిభాగములను తీగెలతో నొక్కొక్కటిగా కలిపెడివారు. వియన్నాలో 1907లో జన్మించిన పాల్ ఐస్లర్ అను ఇంజనీరు తీగెలకు మారుగా రాగిరేఖలను ముద్రించు పద్ధతిని రూపొందించి, 1943లో ఇంగ్లండునందు పేటెంటు కోరెను.

నేడు ఇట్టి పలకను బడిపిల్లలు సైతము రచించుకొనగలరు. అందుకు కీక్యాడ్ వంటి సాఫ్ట్‌వేరు ఉచితముగా లభించుచున్నది. కాని పనిముట్టు సులభమైనంతమాత్రమున ఆలోచన సులభము కాదు. పలక ఎంత చిన్నదైన నంత గొప్ప యని పలువురు తలంతురు. నాకది సమ్మతము కాదు. ముందు సరియైన పలక కావలయును. పిమ్మట చిన్న పలక కావలయును.

నా మనుమడు 555 అను చిప్పుతో మిణుకుమను దీపమును చేయబూనెను. పలక అగ్గిపెట్టెలో నిమిడితీరవలెనని వాని పంతము. రాగిరేకుపై సిరాతో రేఖలు గీసి, పెద్దల యెదుట, చేతికి తొడుగులు ధరించి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమున ముంచెను. సిరా యున్నచోట రాగి నిలిచెను; తక్కినది కరగిపోయెను. అంతవరకు బాగుగనే యుండెను. బ్యాటరీ తగిలించగా దీపము వెలుగలేదు. చిప్పు మాత్రము వేడెక్కి చెడిపోయెను.

కారణమేమి? భాగములు పలకకు పైవైపున నుండును. రాగి క్రిందివైపున నుండును. వాడు పైనుండి చూచినట్లు గీసిన పటమునే రాగిపై యథాతథముగ దింపెను. కుడియెడమలు తారుమారయ్యెను. రుణధ్రువమును చేరవలసిన ఒకటవ కాలు ధనధ్రువమును, ధనధ్రువమును చేరవలసిన ఎనిమిదవ కాలు రుణధ్రువమును చేరెను. తొందరలో మరమేకులకు రంధ్రములు సైతము మరచెను.

వాడు కన్నీరు పెట్టుకొనగా నేనిట్లంటిని: “నాయనా! పోయినది చిప్పు మాత్రమే. ముందు బ్రెడ్‌బోర్డుపై పరీక్షింపుము. పిమ్మట పలక కొలతకు కాగితము కత్తిరించి భాగములను దానిపై పేర్చి చూడుము. రేఖలు తుదకు గీయుము.” రెండవ పలక అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదయ్యెను, కాని దీపము వెలిగెను.

“బజారున చేసిన పలకలు దొరకుచుండగా ఈ శ్రమ యేల?” యని కొందరందురు. కొనుట తప్పు కాదు. కాని కొన్న వస్తువు చెడినప్పుడు పారవేయుట తప్ప మరియొక త్రోవ తోచదు. తాను రచించినవానికి ఏ రేఖ ఎచ్చటికి పోవుచున్నదో తెలియును. కావున వాడు బాగుచేయగలడు. అట్లు బాగుచేయు చేయి దూరుటకు చోటు విడుచుటయు రచనలో భాగమే.

బాలబాలికలారా! స్థలమును పొదుపు చేయుడు. ఆలోచనను పొదుపు చేయకుడు.