కాలు చూస్తారు.. మనిషిని చూడరు
వైద్య విద్యార్థులకు వైకల్యంపై శిక్షణ అంతంతమాత్రం

రంభ: చిన్నప్పుడు పోలియోతో కాలు చచ్చుబడిన మనిషి జ్వరంతో ఆసుపత్రికి వెళ్లినా చాలాసార్లు మాటంతా కాలు చుట్టూనే తిరుగుతుంది. బీపీ, షుగరు పక్కకు పోతాయి. నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరైనా పలకరిస్తున్నారా అని అడిగే తీరిక అసలే ఉండదు. ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. వైకల్యం ఉన్నవారిలో కొందరు మిగతావారి కంటే 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో తేల్చింది. అందుకు కారణం వైకల్యం ఒక్కటే కాదని, వైద్యం వారి దాకా రాకపోవడం కూడా అని చెప్పింది.

చిలికా ఒడ్డున ఉన్న రంభ నుంచి ఇటు ఇచ్ఛాపురం దాకా పెద్ద జబ్బు చేస్తే జనం చూపు బరంపురం వైపే. అక్కడి మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల 1962 నాటిది. దాని ఆసుపత్రికి ఒడియా వారితో పాటు తెలుగువారూ వెళ్తుంటారు. కృత్రిమ అవయవాలు, ఫిజియోథెరపీ కోర్సుల కోసమైతే కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. రంభ మనిషికి అది ఖుర్దా, భువనేశ్వర్ దాటి వెళ్లాల్సిన ప్రయాణం. మంచం దిగలేనివాడు అక్కడికి వెళ్లేదెలా? డాక్టరు కాబోయే కుర్రాడే గుమ్మం దాకా రావాలి.

చట్టంలో ఉంది

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది చదువుల్లో వైకల్యాన్ని పాఠంగా చేర్చాలని అందులోని 47వ సెక్షన్ చెబుతోంది. 2019లో ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు మొదటి నెల ఫౌండేషన్ కోర్సులో ఇందుకు 7 గంటలు కేటాయించారు. నాలుగున్నరేళ్ల చదువులో 7 గంటలు! 2024 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ విడుదల చేసిన మార్గదర్శకాల్లో అవి కూడా మాయమయ్యాయి. ఇంకొన్ని అంశాలపైనా గొడవ రేగడంతో సెప్టెంబరు 5న ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుని, 12న సవరించి విడుదల చేశారు. వికలాంగులు అన్నా, దివ్యాంగులు అన్నా, విభిన్న ప్రతిభావంతులు అన్నా పేరు మార్చడంలో చూపే హుషారు పాఠంలో కనిపించడం లేదు.

దారి మాత్రం లేకపోలేదు. 2022 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులు మొదటి ఏడాదిలోనే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాటి ఆరోగ్యం కనిపెట్టుకోవాలి. 2011 లెక్కల ప్రకారం ఒడిశాలో వికలాంగులు 12.44 లక్షల మంది. అంటే దాదాపు ప్రతి పల్లెలోనూ కొందరు ఉంటారు. ఆ దత్తత ఇళ్లలో వికలాంగుడున్న ఇల్లు ఒకటి తప్పనిసరి చేస్తే అదనంగా పైసా ఖర్చుండదు. నర్సింగ్, ఫిజియోథెరపీ పిల్లలను కూడా జతచేస్తే మరీ మంచిది.

వెళ్లి ఏం చేయాలన్నదే అసలు సంగతి. వెన్నుపూస దెబ్బతిని మంచాన పడ్డవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. ఆ పుండు కుళ్లి ప్రాణం మీదకు రావచ్చు. తిప్పడం ఎలాగో ఇంటి ఆడవాళ్లకు చేసి చూపాలి, నోటితో చెబితే చాలదు. స్నానం ఎక్కడ, దొడ్డికి ఎలా వెళ్తున్నారు, గడప ఎత్తు ఎంత అన్నది కళ్లతో చూడాలి. దొడ్డికి వెళ్లడం కష్టమని నీళ్లు తాగడం తగ్గించే ఆడవాళ్లు ఉన్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎందుకు తిరగబెడుతోందో ల్యాబు రిపోర్టులో దొరకదు. నడుముకు పైన చేతులు బాగున్న జాలరికి వల అల్లడం, చేపలు ఏరడం వంటి పని దొరికితే మందుల కంటే అదే ఎక్కువ నిలబెడుతుంది.

పోలియో సంగతి మరొకటి. దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. ఇప్పటి విద్యార్థులకు కొత్త పోలియో కేసు చూసే అవకాశం దాదాపు లేదు. కానీ అది వచ్చిన తరం నడివయసులో ఉంది. ఏళ్ల తరవాత వారిలో కొందరికి మళ్లీ నీరసం, కండరాల బలహీనత మొదలవుతాయి. బద్ధకం అనుకుని ఎక్కువ వ్యాయామం చేయిస్తే నష్టమే. కలాం హైదరాబాద్ నిమ్స్‌లో 3 కిలోల కాలిపర్స్‌ను 300 గ్రాములకు తెచ్చిన కథ అందరికీ తెలుసు. మోసేవాడి బాధ విన్నందుకే అది జరిగింది.

భాష ఇబ్బంది

తీరంలోని తెలుగు జాలర్ల ఇళ్లలో పెద్దవాళ్లు ‘తిమ్మిరెక్కింది’, ‘పీకుతోంది’, ‘లాగుతోంది’ అంటారు. మూడూ వేరు. తెలుగు రాని విద్యార్థి మూడింటినీ నొప్పి అనే రాసుకుంటాడు. నరం జబ్బుకు, కండరం జబ్బుకు తేడా అక్కడే పోతుంది. ఊళ్లో రెండు భాషలూ వచ్చిన ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్తే సగం తంటా తీరుతుంది. ఇలాంటి మాటలు ఓ ఇరవై కాగితం మీద రాసి ఇచ్చినా చాలు.

వైకల్యం ఉన్నవారే డాక్టర్లవుతున్న రోజులివి. 40 శాతం దాటిందని మాత్రమే సీటు నిరాకరించరాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘రెండు చేతులూ సవ్యంగా ఉండాలి’ అన్న నిబంధనను 2025 ఫిబ్రవరిలో తప్పుపట్టింది. అలాంటి విద్యార్థి తరగతిలో ఉంటే పక్క బెంచీవాళ్లకు 7 గంటల పాఠం కంటే ఎక్కువే అందుతుంది.

సరిహద్దు కుటుంబాలకు ఇంకో చిక్కు. ఆంధ్రలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు రూ.6 వేలు, పూర్తిగా మంచానికి పరిమితమైతే రూ.15 వేలు. ఒడిశాలో 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 2025లో రూ.3,500 చేశారు. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది గానీ పింఛను మాత్రం ఏ రాష్ట్రవాసికి ఆ రాష్ట్రందే. ఇల్లిల్లూ తిరిగే విద్యార్థికి ఈ తేడా తెలిసుండాలి. చాలా ఇళ్లలో కుశల ప్రశ్న కంటే ముందు వచ్చేది కార్డు గురించిన ప్రశ్నే.