తాత గడ్డం కత్తి

మారేడ్‌పల్లిలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టె అడుగున తాత గడ్డం కత్తి దొరికింది. అంతా తుప్పు. పిడి దగ్గర 'షెఫీల్డ్, ఇంగ్లండ్' అని ముద్ర. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని 1890లో అమెరికా సుంకాల చట్టం చేసింది. అందుకే 'ఇంగ్లండ్' అని ఉన్న కత్తులు చాలావరకు 1891 తర్వాతివే.

కూలీ మనిషికి సీమ కత్తి ఎందుకు? షోకుకి కాదు. ఊళ్ళో మాదిగోడి గడ్డానికి కత్తి తగలనిచ్చేవాళ్ళు కాదు. ఆ అవమానం మళ్ళీ పడకూడదని పట్నమొచ్చాక మొదటి జీతంతో పాతది కొనుక్కున్నాడట. నేను మంగలి అన్నని తిట్టను. మా గడ్డం గీస్తే ఊరు ఆయన పొట్ట కొట్టేది.

కానీ ఆ కత్తిని నూరే తోలుపట్టీ ఎవరిది? తోలు పదును చేసింది మేము. ఆ తోలు మీదే కత్తి పదునెక్కింది. మా తోలు పనికొచ్చింది, మా చెంప పనికిరాలేదు!

అంటరానితనంతో సేవ నిరాకరించడం నేరమని 1955 చట్టం చెప్పింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పండక్కి ఊరెళ్ళినప్పుడు చూసి రండి: సెలూన్ కుర్చీలో మనోళ్ళని కూర్చోనిస్తున్నారా?

నూనె రాసి, సన్న ఎమరీ కాగితంతో తుప్పు తీశాను. ముద్ర మీద మాత్రం రుద్దలేదు. మెరుపు కోసం రుద్దితే చరిత్ర పోతుంది.

జై భీమ్.