ఊహలోని జంతుశాల

అంతరించిపోవుచున్న జంతువుల కొరకు ఒక ఊహాజంతుశాలను రూపొందింపుడని పాఠశాలలలో బాలురకు పని అప్పగించుట ఇప్పుడు పరిపాటి. బాలుడు మొదట ద్వారమును గీయును. తరువాత టిక్కెట్లు ఇచ్చు గదిని, నడచు బాటను, ఐస్‌క్రీము దుకాణమును గీయును. మిగిలిన చోటులో చతురస్రములు గీసి, ఒకదానిలో పులిని, ఒకదానిలో ఖడ్గమృగమును, మరియొకదానిలో ఏదో ఒక పక్షిని ఉంచును. ఉపాధ్యాయుడు మెచ్చుకొనును. ఇందులో బాలుని తప్పు ఏమియు లేదు. పెద్దలు కోట్లు వెచ్చించి వేయించు నమూనాలలోను క్రమము ఇదియే. చూచువాని సౌకర్యము ముందు, చూడబడు ప్రాణి తరువాత.

జంతుశాలను ఊహించుట చెడ్డపని కాదు. ఆ ఊహ గోడ దగ్గరనే ఆగిపోవుట చెడ్డది. ఒక ప్రాణికి ఇల్లు కట్టదలచినవాడు, అది ఏ ఇంటినుండి వెళ్ళగొట్టబడినదో, వెళ్ళగొట్టినవాడెవడో ముందుగా విచారింపవలెను. ఈ విచారణ చేయక గీసిన పటము ఎంత అందముగా ఉన్నను అది జంతుశాల కాదు, శరణార్థుల శిబిరము.

మణిపురములోని సంగాయ్ జింకనే తీసికొనవచ్చును. 1951లో అది నశించిపోయినదని ప్రకటించిరి. రెండేండ్ల తరువాత ఇ. పి. జీ అను ప్రకృతిప్రియుడు దానిని తిరిగి కనుగొనెను. 1975లో లెక్కించినప్పుడు మిగిలినవి 14. లోక్‌తాక్ సరస్సు అంచున, కైబుల్ లంజావోలో అది నివసించు నేల నిజమునకు నేల కాదు. గడ్డియు వేళ్ళును కుళ్ళిన ఆకులును పెనవేసికొని నీటిపై తేలు తెప్ప. మణిపురీలు దానిని ఫుమ్డి అందురు. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఈ తెప్ప సరస్సు అడుగున ఆనును. వేళ్ళు మట్టినుండి సారమును పీల్చుకొనును. వానలు రాగానే మరల పైకి తేలును. 1983లో జలవిద్యుత్తు కొరకు ఇథాయ్ ఆనకట్ట పూర్తియైన తరువాత సరస్సు ఏడాది పొడవునను నిండియే ఉన్నది. తెప్ప అడుగునకు దిగుటలేదు, ఆకలిగొని పలుచబడుచున్నది. పలుచనైన తెప్పపై జింక కాలు నిలువదు.

సంగాయ్ జింకలు దేశములోని కొన్ని జంతుశాలలలోను ఉన్నవి. గట్టినేలపై తిరుగును, పిల్లలను కనును, సందర్శకులు వాటిని చూచి ముచ్చటపడుదురు. కాని ఊహాజంతుశాలను రచించువాడు నిజాయితీపరుడైనచో, తన పటములో ఈ జింక గదికి బదులు ఒక ఆనకట్ట తలుపును గీయవలసివచ్చును. ఆ తలుపును వేసవిలో ఎంత తెరువవలెనో వ్రాయవలసివచ్చును. అప్పుడు విద్యుచ్ఛాఖవారు వచ్చి అతనితో వాదింతురు. జంతుశాలా నిర్మాణము నిజముగా ఆరంభమగునది ఆ వాదముతోనే.

రాబందుల కథ ఇంతకంటె విచిత్రము. 1990ల నుండి తెల్లవీపు రాబందులలో నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించినవి. కారణము వేటగాడు కాదు, అడవి నరకుటయు కాదు; పశువుల నొప్పికి ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు. ఆ మందు తిన్న పశువు చచ్చినప్పుడు దాని కళేబరమును తిన్న పక్షి మూత్రపిండములు చెడి మరణించును. ఈ సంగతి 2004లో వెల్లడియైనది. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించిరి. హర్యానాలోని పింజోరులో పెద్ద పంజరములు కట్టి రాబందులను పెంచుచున్నారు. అది అవసరమైన పనియే. అయినను ఆ పంజరము తలుపు తెరచుటకు తగిన కాలము వచ్చినదా లేదా అని చెప్పునది పింజోరు కాదు, ఊరూర ఉన్న మందుల దుకాణము. ఏ శిల్పియు తన పటములో మందుల దుకాణమును గీయలేదు. బట్టమేక పక్షికి గదిని గీయువారు విద్యుత్తు తీగలను గీయరు. జైసల్మేరు ఎడారిలో ఆ బరువైన పక్షి తీగలకు తగిలి చచ్చుచున్నది. ఆంధ్రదేశములోని రోళ్ళపాడులో 1988లో దానికొరకే అభయారణ్యము ఏర్పడినది. అభయారణ్యమును పేరును మిగిలినవి. పక్షి దాదాపు కనుమరుగైనది.

బోను వలన మేలు కలుగలేదా అని ప్రతివాదులు అడుగుదురు. కలిగినది. అస్సాములో 1996లో మానస్ నుండి ఆరు మరుగుజ్జు అడవిపందులను పట్టి, సంతానమును పెంచి, 2008 నుండి గడ్డిభూములలో విడుచుచున్నారు. ఆ పని ఆదర్శప్రాయము. అయితే అది ప్రదర్శన కాదు; మనుష్యునికి అలవాటుపడకుండ పెంచి పంపు విద్య. దానితోపాటు గడ్డిని వేళకాని వేళ తగులబెట్టకుండ చూచుట అను కష్టమైన పనియు సాగవలెను. ఘరియాల్ మొసళ్ళ విషయములోను ఇంతే. 1975 నుండి గ్రుడ్లను ఏరి తెచ్చి, పొదిగించి, వేలకొలది పిల్లలను నదులలో వదలిరి. 2007–08 శీతకాలమున చంబల్‌లో నూటికి పైగా ఘరియాల్‌లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొని వచ్చెను. నది చెడినప్పుడు పొదుగుగది ఏమి చేయగలదు?

ఊహను నేలపైకి దింపినప్పుడు ఏమగునో చూపుటకు మధ్యప్రదేశములోని కూనో చాలును. ఆసియా సింహములన్నియు గుజరాతులో గిర్ చుట్టుపట్లనే ఉన్నవి. ఒక్క అంటురోగము వచ్చినచో జాతి మొత్తము పోవచ్చును. కనుక వాటికి రెండవ ఇల్లుగా కూనోను ఎన్నుకొనిరి. ఇల్లు సిద్ధము చేయుటకై 24 గ్రామములను ఖాళీ చేయించిరి. అందు సహరియాలే అధికము. వారు అడవి జిగురు ఏరుకొని బ్రదికినవారు. సింహములను ఇచ్చుటకు గుజరాతు సమ్మతింపలేదు. 2013 ఏప్రిలులో సుప్రీము కోర్టు ఆరు నెలలలో తరలింపుమని ఆదేశించెను. తరలింపు జరుగలేదు. 2018లో గిర్‌లో, శంకించినట్లే, కుక్కల డిస్టెంపర్ రోగము సోకి 20కి పైగా సింహములు చచ్చినవి. 2022 సెప్టెంబరులో కూనో ద్వారములు తెరచుకొనెను. లోనికి వచ్చినవి నమీబియా చీతాలు 8. మరుసటి ఏడు దక్షిణాఫ్రికా నుండి 12 వచ్చినవి. 1952లో దేశమున అంతరించినదని ప్రకటించిన ప్రాణి మరల వచ్చుట సంతోషమే కావచ్చును. అది వేరే చర్చ. కాని ఒకరి పేర కట్టిన ఇంటిలో ఇంకొకరిని దింపి, ఛాయాచిత్రములు తీయించుకొనువారిని జంతుసంరక్షకులని పిలువవలెనా, ప్రదర్శకులని పిలువవలెనా? 2025 గణనలో సింహములు 891కి పెరిగినవని గుజరాతు సగర్వముగా ప్రకటించెను. సంఖ్య పెరుగుట రోగమునకు అడ్డు కాదు. ఒక్కచోట చేరినవి ఎంత ఎక్కువైన భయము అంత ఎక్కువ. కూనోనుండి లేచిపోయిన ఆ 24 గ్రామములవారు ఎవరి కొరకు తావు విడిచిరో ఆ సింహము ఇంకను గుజరాతులోనే ఉన్నది.