కార్డు మీద పేరు కాదు, వడ్డీ చూడాలి

మలక్‌పేట గంజికి ఉల్లి తెచ్చే రైతులు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పిల్లల ఫీజులు కట్టడానికి వచ్చే రైతులు మూసారాంబాగ్ చుట్టుపక్కల రోజూ కనిపిస్తారు. ఇప్పుడు చాలామంది జేబులో రెండు మూడు కార్డులుంటున్నాయి. అన్నీ ఒకే సైజు, అన్నీ పిన్ అడుగుతాయి. అందుకే అన్నిటినీ కలిపి ‘ఏటీఎం కార్డు’ అనేస్తున్నాం. కానీ ఒక కార్డు గీస్తే మన డబ్బు ఖర్చవుతుంది, ఇంకో కార్డు గీస్తే అప్పు పుడుతుంది. వానాకాలం పెట్టుబడికి పరుగులు పెట్టే ముందు ఈ తేడా ప్రతి రైతూ తెలుసుకోవాలి.

డెబిట్ కార్డు మన సేవింగ్స్ ఖాతాకు తాళం చెవి లాంటిది. పంట అమ్మిన డబ్బు, పీఎం కిసాన్, రైతు భరోసా పడేది ఆ ఖాతాలోనే. ఖాతాలో ఉన్నంతే వస్తుంది, వడ్డీ ప్రశ్నే లేదు. రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారి కట్టాల్సిన రుసుమును కేంద్రం 2020 జనవరి 1 నుంచి ఎత్తేసింది. కాబట్టి ఆ కార్డు గీకినందుకు రెండు శాతం ఎక్కువ ఇవ్వమని ఎరువుల షాపు అడిగితే ఎందుకని నిలదీయాలి.

క్రెడిట్ కార్డు సంగతి వేరు. అందులో మన డబ్బు ఒక్క రూపాయి ఉండదు. బ్యాంకు నమ్మి ఇచ్చే అరువు అది. బిల్లు మొత్తం గడువులోగా కడితే వడ్డీ పడదు. కట్టలేకపోతే చాలా కార్డులపై నెలకు మూడు నుంచి మూడున్నర శాతం పైగా వడ్డీ పడుతుంది. మన ఊరి లెక్కలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే షావుకారును జలగ అంటాం, ఈ కార్డును మాత్రం గొప్పగా జేబులో పెట్టుకుంటాం.

బిల్లులో ‘కనీస చెల్లింపు’ అని ఒక అంకె ఉంటుంది. అసలు ఉచ్చు అదే. యాభై వేల బాకీ ఉందనుకోండి. ఐదు శాతం చొప్పున 2,500 కడితే చాలంటారు. నెల వడ్డీ 1,750, దాని మీద 18 శాతం జీఎస్టీ 315. అసలులో తగ్గేది 435 రూపాయలే! క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే ఆ గడువు కూడా ఉండదు. రుసుము కోస్తారు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు. ఏడాదికి 30 శాతం దాటి వసూలు చేయరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇక మూడోది కిసాన్ క్రెడిట్ కార్డు. ఆర్.వి. గుప్తా కమిటీ సిఫారసుతో 1998లో మొదలైంది. 2012 మార్పుల తర్వాత ఏటీఎంలో పనిచేసే రూపే కార్డుగా వస్తోంది. పేరులో క్రెడిట్ ఉంది, వాడకం డెబిట్ కార్డులా ఉంటుంది. తికమక ఇక్కడే. ఇది పంట రుణం. మూడు లక్షల వరకు ఏడు శాతం వడ్డీ, గడువులోగా కడితే మూడు శాతం రాయితీ పోను నాలుగు శాతం. అంటే నూటికి నెలకు ముప్పై మూడు పైసలు. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది, ఆ తర్వాత బ్యాంకు మామూలు వడ్డీ పడుతుంది. తీసిన డబ్బుకు ఆ రోజు నుంచే వడ్డీ కాబట్టి అవసరమైనంతే తీయాలి.

లక్ష రూపాయలు ఏడాది వాడుకుంటే కిసాన్ కార్డుపై నాలుగు వేలు, మూడున్నర రూపాయల క్రెడిట్ కార్డుపై 42 వేలు. అంతటితో అయిపోలేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం రెండు లక్షల వరకు చేసిన మాఫీ పంట రుణాలకే వర్తించింది. క్రెడిట్ కార్డు గీకి విత్తనాలు, మందులు కొన్నవారి బాకీ ఏ జాబితాలోకీ రాలేదు. సేద్యానికే ఖర్చు పెట్టినా కాగితం మీద అది సేద్యపు అప్పు కాదు.

మాల్ ముందు బల్ల వేసుకుని ‘లైఫ్‌టైమ్ ఫ్రీ’ అంటూ సంతకం అడిగేవారికి ఆధార్, పాన్ ఇచ్చేముందు ఇదంతా ఆలోచించాలి. ఒప్పుకోకుండా క్రెడిట్ కార్డు పంపరాదని, బాకీ లేని కార్డును మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూసేయాలని, లేకుంటే రోజుకు 500 రూపాయల చొప్పున ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2022లో ఆదేశించింది. ఏ కార్డు పిన్ అయినా షాపువాడికి, దళారికి ఇవ్వకండి. పిన్ మనమే ఇచ్చి మోసపోతే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనదే. కిసాన్ కార్డు నుంచి దొంగ తీస్తే మన పేరున అప్పు నిలుస్తుంది. మోసం జరిగిన వెంటనే బ్యాంకుకు, 1930కి ఫోన్ చేయాలి.

అయితే రైతుకు తెలివి చెప్పి ఊరుకుంటే సరిపోదు. మూడున్నర రూపాయల వడ్డీకి ఎవరూ సరదాగా పోరు. కౌలు రైతుకు పాస్‌బుక్ లేదు, కాబట్టి బ్యాంకు గడప దొరకదు. వారికి రుణ అర్హత కార్డులివ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. కార్డు ఉన్నా బ్యాంకు అప్పివ్వకపోతే అది అట్టముక్కే. పూచీకత్తు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణాన్ని 2025 జనవరి నుంచి రెండు లక్షలకు పెంచారు. అది అసలు సాగుచేసేవాడికి అందాలి. కిసాన్ కార్డు రుణం ఎంత, గడువు ఏ తేదీ, దాటితే వడ్డీ ఎంత అన్నది ప్రతి రైతుకూ తెలుగులో రాసి ఇవ్వాలి. గడువుకు నెల ముందే ఫోన్‌కు తెలుగులో సమాచారం పంపాలి.

ఈ నెల మండల సమావేశాలకు వచ్చే సభ్యులు తమ కార్డులు, బ్యాంకు కాగితాలు వెంట తెచ్చుకోండి. ఏది సొంత డబ్బు, ఏది పంట రుణం, ఏది మూడున్నర రూపాయల అప్పు అన్నది కూర్చుని తేల్చుకుందాం. గడువు తేదీలు రాసుకుందాం. కార్డు అందని కౌలు రైతుల పేర్లు రాసి, బ్యాంకు మేనేజర్ దగ్గరకు కలిసి వెళదాం.