అడవి యొక్కటి, లెక్కలు వేఱు

పాలమూరు జిల్లా 2016 అక్టోబరు 11న విభక్తమై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేఱువేఱు జిల్లాలైనవి. పరిపాలనకిది సౌకర్యమే. కాని పూర్వమొక శాస్త్రజ్ఞుడు మొక్కను సేకరించి, యెండబెట్టి, కాగితముపై నంటించి, “మహబూబ్‌నగరు జిల్లా” యని మాత్రమే వ్రాసియుండినచో, అది నల్లమలలోనిదో, నడిగడ్డలోనిదో నేడెవరు చెప్పగలరు?

పేరులలోను చిక్కు గలదు. మనవారు ఇప్పయని పిలుచు చెట్టును రాక్స్‌బర్గు దొర బాసియా లాటిఫోలియా యనెను. నేటి గ్రంథములలో నది మధూకా. ముప్పట్టికలలో ముప్పేరు లుండగా, లెక్కించువాడు మూడు చెట్లనుకొనిన తప్పెవరిది?

పులుల విషయమున మాత్రము మార్గము దొరకినది. నల్లమల పులుల రక్షితారణ్యము 2014 పిమ్మట రెండు రాష్ట్రములకు పంచబడినను, పులి కెల్లలు తెలియవు. ఏ రెండు పులుల చారలును సమానములు గావు. 2006 నుండి నాలుగేండ్లకొకమాఱు జరుగు దేశవ్యాప్త గణనలో కెమెరా చిత్రములను జేర్చి చారలను బోల్చుదురు. కావున కృష్ణ కిరుప్రక్కల గనబడిన పులి రెండుగా లెక్కకు రాదు.

పులికి గలిగిన యీ భాగ్యము ఇప్పచెట్టునకు గలుగవలదా? 2002 నాటి జీవవైవిధ్య చట్టమును బట్టి స్థానిక సంఘములు ప్రజా జీవవైవిధ్య పట్టికలను సిద్ధపఱుపవలయును. ఆ పట్టికలొకచోట, విశ్వవిద్యాలయముల యెండుమొక్కలొకచోట, అటవీశాఖ లెక్కలింకొకచోట నున్న ఫలమేమి? ప్రతి నమోదునందును శాస్త్రనామము, స్థానికనామము, అక్షాంశ రేఖాంశములు, తేది, చూచినవారి పేరు నుండవలెను. డార్విన్ కోర్ అను అంతర్జాతీయపు మూస యిందులకే యేర్పడినది.

అన్నిటిని బజారున బెట్టుడని మేమనము. చెంచుల వేరుమందుల యెఱుక వారి యనుమతి లేక గడప దాటరాదు. అరుదైన మొక్కల తావులు దొంగలకు దెలియరాదు. కలుపుట వేఱు, కొల్లగొట్టుట వేఱు.

నల్లమలలో యురేనియపు త్రవ్వకములు వలదని ప్రజలెలుగెత్తగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యట్లే తీర్మానించెను. అట్టి ప్రశ్న మఱల వచ్చిన దినమున, అచ్చట నేమేమి గలవో చూపు నిదర్శనము మనచేత నుండవలదా?

పఠనాలయములందలి మిత్రులారా! మీ పంచాయతీలో నా పట్టిక గలదా యని యడుగుడు. గలదన్నచో తెఱచి చూడుడు. లేదన్నచో వ్రాయింపుడు. లెక్కలో లేని సొత్తు పోయినను, పోయినదని చెప్పువాడుండడు.